అప్‌డేట్: అక్క ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ పంపేసింది

కంప్యూటర్ అంతగా అలవాటు లేని మా అక్కా నేనూ మెడికల్ రిపోర్టులు మెయిల్‌లో భద్రంగా పంపుకోవడానికి తేలిక దారి చెప్పమని అడిగాను కదా. మీలో చాలామంది చెప్పిన థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామే పెట్టాం. పని అయింది, అందరికీ థాంక్స్.

2020లో వచ్చిన 78వ వెర్షన్ నుంచి మెయిల్‌ని వేరేవాళ్లు చదవకుండా తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) ఓపెన్‌పీజీపీ పద్ధతి అందులోనే ఉంది, దానికోసం ఎనిగ్‌మెయిల్ అనే యాడ్-ఆన్ విడిగా వేసుకోనక్కర్లేదు. కీ తయారు చేయడం అక్కకి ఇట్టే వచ్చేసింది.

చిక్కంతా తర్వాతే. నా పబ్లిక్ కీ (నాకు పంపే మెయిల్‌కి తాళం వేయడానికి ఇతరులకి ఇచ్చేది) తీసుకోగానే "దీన్ని అంగీకరిస్తారా?" అని థండర్‌బర్డ్ అడుగుతుంది. దేన్ని చూసి ఒప్పుకోవాలో అక్కకి అర్థం కాలేదు, టెన్షన్ పడింది. ఫోన్ చేసి, ఆ కీని గుర్తుపట్టే ఫింగర్‌ప్రింట్ అనే కోడ్‌లోని 40 అక్షరాలూ అంకెలూ నాలుగేసి చొప్పున చదివాను, తను స్క్రీన్ మీద సరిచూసుకుంది. "అంటే ఇది నీదేనని రూఢి చేసుకోవడమా!" అంది. ఆ ఒక్క ముక్క సాఫ్ట్‌వేరే మామూలు మాటల్లో చెబితే ఎంతమందికి మేలో! కీలు, సంతకాలు అన్న పేర్లకన్నా ఇప్పుడేం చేయాలో చెప్పడం ముఖ్యమని నా గట్టి అభిప్రాయం.

సీక్రెట్ కీ (తాళం తీసేది, ఎవరికీ ఇవ్వకుండా మన దగ్గరే ఉంచుకోవాల్సింది) పోతే ఎన్‌క్రిప్ట్ చేసిన పాత మెయిళ్లు తెరుచుకోవు. అందుకే బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టించాను, పాస్‌వర్డ్ అక్కే పెట్టుకుంది.