జట్టు కట్టడానికి కూడా విడిగా డబ్బివ్వాలా? (క్యాన్సర్ పరిశోధన నిధుల మీద చర్చ)

లెక్కల మాస్టారు:
2018లో మన కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ), బ్రిటన్‌కు చెందిన స్వచ్ఛంద సంస్థ క్యాన్సర్ రీసెర్చ్ యూకే చెరో 50 లక్షల పౌండ్లు వేసుకుని ఐదేళ్ల పథకం ప్రకటించాయి. చవకగా క్యాన్సర్ వైద్యం అందించడం ఎలా అన్నది విషయం, రెండు దేశాల పరిశోధకుల చేత కొత్త జట్లు కట్టించడం పద్ధతి. నాకు ఆ పద్ధతి మీదే అనుమానం. జట్టు కడితే డబ్బిస్తామంటే డబ్బు కోసమే జట్లు పుట్టుకొస్తాయి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం అమెరికాలో, లెడర్లీ అనే మందుల కంపెనీలో అమినోప్టెరిన్ అనే మందు తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని బ్లడ్ క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చారు. 1948లో అచ్చయిన ఫలితాల్లో 16 మందికి 10 మందిలో, తాత్కాలికంగానే అయినా, గుణం కనిపించింది. దానికి ఏ కొలాబరేషన్ గ్రాంటు ఇచ్చారండీ?

మైనం దిమ్మ:
మాస్టారూ, మీ ఉదాహరణ మీకే ఎదురు తిరుగుతోంది. 1940లో లెడర్లీకి వెళ్లేదాకా సుబ్బారావు గారు ఉన్నది హార్వర్డ్ మెడికల్ స్కూల్లో. ఫార్బర్‌దీ అదే ఊరు, అదే యూనివర్సిటీ. కర్నూలులోనో గువాహటిలోనో ఉన్న డాక్టరుకు అలాంటి ఇరుగుపొరుగు ఎక్కడ దొరుకుతుంది?

నైట్ డ్యూటీ:
నా వంతు ఒక్క ఉదాహరణ. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్‌లో గడ్డ తీసే ముందు దాని చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇచ్చి చూశారు. పంటి డాక్టరు చిగుళ్లకు ఇచ్చే మత్తుమందే. టాటా మెమోరియల్ నడిపించిన ఈ ట్రయల్‌లో మన దేశంలోని 11 కేంద్రాలు, దాదాపు 1,600 మంది ఆడవాళ్లు ఉన్నారు. 2023లో అచ్చయింది. ఐదేళ్ల తర్వాత బతికున్నవాళ్లు ఇంజెక్షన్ ఇవ్వని వారిలో 86.4 శాతం, ఇచ్చిన వారిలో 90.1 శాతం. నూటికి నలుగురు కూడా లేని ఈ తేడా ఒక్క ఆసుపత్రిలో రెండొందల మందిని చూస్తే తేలదు. వంద రూపాయలు కూడా కాని మందు కోసం ఏ కంపెనీ ఇంత ఖర్చు పెడుతుంది?

లెక్కల మాస్టారు:
అది ట్రయల్‌కిచ్చిన డబ్బమ్మా, దానికో ప్రశ్న ఉంది. నేనంటున్నది ప్రశ్న లేకుండా 'కలుద్దాం రండి' అనే గ్రాంట్ల గురించి. నేను ఆడిట్‌కు వెళ్లిన ఒక సంస్థలో అలాంటి పద్దు చూశాను. హోటల్ బిల్లు, విమానం టికెట్లు, శాలువాలు, ఒప్పందం పట్టుకుని దిగిన ఫొటో. ఆ తర్వాత ఫైల్లో ఒక్క కాగితం చేరలేదు. అయినా 2012 నుంచి క్యాన్సర్ ఆసుపత్రులను కలిపే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఉంది కదా, 300కు పైగా కేంద్రాలున్నాయి. మళ్లీ ఈ పెళ్లిచూపులు ఎందుకు?

ఎక్సెల్ రాణి:
నేను డేటా ఎంట్రీ చేసేదాన్ని, అడుగునుంచి చెబుతాను. రెండు ఆసుపత్రుల రికార్డులు కలపమని నాకిచ్చారు. ఒకచోట వయసు రాశారు, ఇంకోచోట పుట్టిన సంవత్సరం. 'దశ' అనే గడిలో ఒకరు '3ఏ' అని రాస్తే ఇంకొకరు 'అడ్వాన్స్‌డ్' అన్నారు. ఒక కేసులో అయితే 'పేషెంటు ఊరెళ్లిపోయారు' అని ఉంది! ఫోన్లు చేసి, పాత కేస్ షీట్లు తీయించి సరిచేసేసరికి మూడు నెలలు. పెద్ద డాక్టర్లిద్దరూ మంచి స్నేహితులే, రోజూ మాట్లాడుకుంటారు. కానీ ఈ పనికి ఏ పద్దులోనూ జీతం లేదు. మార్చి 31తో నా కాంట్రాక్టు అయిపోయింది, ఫైలు సగంలో ఆగింది.

మైనం దిమ్మ:
మా ల్యాబ్‌లోనూ ఇదే గోల. వేరే ఊరి నుంచి బయాప్సీ దిమ్మలు (మైనంలో భద్రపరిచిన కణితి ముక్కలు) తెప్పించాలంటే రెండుచోట్లా ఎథిక్స్ కమిటీ అనుమతి, ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం, కొరియర్. వాటి వెంట తిరిగే మనిషి ఒకరు ఉండాలి. గ్రిడ్‌లో పేరుంటే ఆ మనిషి జీతం దానంతటది రాదు మాస్టారూ. జట్టు నిధులంటే నేను అడిగేది ఇదే.

లెక్కల మాస్టారు:
అలా అయితే దాన్ని జీతాల పద్దు అనే పిలవండి, నాకేం అభ్యంతరం లేదు. హోటల్ ఖర్చు మాత్రం మొత్తంలో పదో వంతు దాటకూడదు.

నైట్ డ్యూటీ:
పదో వంతు కూడా ఎక్కువే. ఇంతకీ రాణి గారూ, ఆ ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది?

ఎక్సెల్ రాణి:
నా పెన్‌డ్రైవ్‌లో లేదండీ, తీసుకెళ్లకూడదు కదా. ఆ కంప్యూటర్లోనే ఉంది. పాస్‌వర్డ్ ఇంతవరకూ ఎవరూ అడగలేదు.