సాయంత్రం నాలుగు దాటితే మనసు బాగోవడం లేదు, మీరైతే ఏం చేస్తారు?

కర్నూలు రోడ్డు (ఒంగోలు):

అందరికీ నమస్తే. నాన్న పోయాక చెన్నైలో ఉద్యోగం మానేసి అమ్మ దగ్గరికి వచ్చేశాను. పొద్దున పూట పర్లేదు. వంట, అమ్మ మందులు, బ్యాంకు పనులు, పింఛను కాగితాలు, వీటితో గడిచిపోతుంది. సాయంత్రం నాలుగు దాటిందంటే మాత్రం ఏ పనీ చేయబుద్ధి కాదు. నాన్న డ్యూటీ దిగి ఇంటికొచ్చే వేళ అది. గేటు చప్పుడైతే ఇప్పటికీ ఇద్దరం తల తిప్పి చూస్తాం. ఆ మాట మాత్రం పైకి అనుకోం.

బంధువులు తిరుపతి వెళ్లి రమ్మంటున్నారు, అరుణాచలం వెళ్లి రమ్మంటున్నారు. ప్రేమతోనే అంటున్నారు. కానీ అమ్మ మోకాళ్లతో అంత దూరం కుదరదు, నాకూ ఓపిక లేదు. ఫోన్ పట్టుకుని కూర్చుంటే ఇంకా నీరసం. ఇంట్లోనో ఊళ్లోనో చేసుకోగలిగేవి, మీకు నిజంగా ఊరట ఇచ్చినవి ఏవైనా ఉంటే చెప్పండి. "పాజిటివ్‌గా ఉండు" అని మాత్రం అనొద్దు, ప్లీజ్.

పెన్నా గట్టు (నెల్లూరు):

అమ్మాయ్, నేను గవర్నమెంటు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన పోయాక నాకూ సాయంత్రాలే గడిచేవి కావు. అందుకే రాస్తున్నా.

రాత్రి పడుకోబోయే ముందు "రేపు లేచి ఏం చెయ్యాలి" అని ఒక ఆలోచన వస్తుంది చూడు, మనిషిని తినేసేది అదే. నేను పట్టుకున్న దారి ఒకటే. రేపటికి నాకు ఇష్టమైనదేదో ఒకటి ఈ సాయంత్రమే మొదలుపెట్టి ఉంచుతా.

మాకు చేపల పులుసు ఉంది కదా. వండిన పూట కంటే మర్నాటికే దానికి రుచి. పొద్దున్నే మార్కెట్లో బొమ్మిడాయిలు తెస్తా. బూడిద వేసి గరుకు రాయి మీద రుద్దితే జిగురంతా పోయి తెల్లబడతాయి. అరగంట పని అది, ఆ అరగంటా చెయ్యి జారకుండా చూసుకోవడమే సరిపోతుంది, వేరే ఆలోచన రాదు. సాయంత్రం నాలుగింటికి చింతపండు నానేస్తా. మెంతులు, ఆవాలు, ధనియాలు వేయించి పొడి కొడతా. మట్టి చట్టిలో పులుసు తెర్లుతుంటే మామిడికాయ ముక్కలు, కాసేపటికి చేపలు. చేపలు వేశాక గరిటె పెట్టకూడదు, ముక్క చితికిపోతుంది. గుడ్డతో చట్టి అంచులు పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. ఇల్లంతా ఆ వాసన కమ్ముకున్నాక సాయంత్రం నా మీద పడి ఏడిపించడం మానుకుంది. ఆ రాత్రి ముట్టుకోను. మూత పెట్టి పడుకుంటా. పొద్దున లేవడానికి చట్టిలో ఒక కారణం ఉంటుంది. వేడన్నంలో ఆ పులుసు కలుపుకుని మొదటి ముద్ద తిన్నప్పుడు దుఃఖం పోదమ్మా, కానీ దుఃఖం పక్కనే ఆకలి కూడా ఉందని తెలుస్తుంది. నాకది పెద్ద విషయం.

మనసు బాగుపడ్డాక పని మొదలుపెడదాం అనుకుంటే ఆ రోజు రాదు. ముందు పనిలో చెయ్యి పెడితే మనసు వెనకాల వస్తుంది. ఇది నా సొంత కవిత్వం కాదు, మానసిక వైద్యంలో బిహేవియరల్ యాక్టివేషన్ అని ఇదే పద్ధతిని చికిత్సగా వాడతారు. మొదటి రోజే సంతోషం రాలేదని వదిలెయ్యకు. చాలా రోజులు నాకు ఏమీ అనిపించలేదు, చేస్తూనే పోయా.

ఇంకొక మాట, మీ అమ్మ గురించి. ఎండాకాలం సాయంత్రాలు మల్లెమొగ్గలు కొని అరటి నారతో కట్టుకునేదాన్ని, మధ్యమధ్య మరువం పెట్టి. ఆయన పోయాక అందరూ వద్దన్నారు. నేను మానలేదు. రాత్రికి విచ్చుకునే పూలు నేనే కట్టుకుని నేనే పెట్టుకుంటున్నా. మీ అమ్మకి పూలంటే ఇష్టమైతే తెచ్చివ్వు తల్లీ. ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారోనని ఆగొద్దు.

కొండపి రైతుబిడ్డ:

నెల్లూరు అమ్మ చెప్పింది బాగుంది, కానీ అందరికీ వంటింట్లో ఊరట దొరకదు. నాకు మనుషులు కావాలి. ఒంటరిగా ఎంత ఇష్టమైన పని చేసినా నా దిగులు అలాగే ఉంటుంది.

మాది పొగాకు వ్యవసాయం. బేరన్‌లో, అంటే ఆకుని వేడితో ఆరబెట్టే గదిలో, ఆకు ఎక్కించాక రాత్రీ పగలూ మంట చూసుకోవాలి. ముందు సన్న వేడి మీద ఆకు పసుపుకి తిరగాలి, తర్వాత మెల్లమెల్లగా వేడి పెంచుకుంటూ చివరికి ఈనె ఎండేదాకా తేవాలి. తొందరపడితే ఆకు రంగు పోతుంది, వేలంలో రేటు రాదు. ఒక ఏడాది అప్పులతో బాగా కుంగిపోయి ఉన్నప్పుడు ఆ రాత్రుళ్లే నన్ను నిలబెట్టాయి. పొయ్యి దగ్గర నలుగురం కూర్చుని, నిప్పుల్లో చిలగడదుంపలు కాల్చుకుని, వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ తినేవాళ్లం. అప్పుల మాట ఎవరూ ఎత్తలేదు. పక్కన ఒక మనిషి ఉన్నాడన్న ధైర్యం చాలింది.

చెల్లెమ్మా, నాలుగింటికి మీ నాన్నగారి స్నేహితులెవరినైనా టీకి పిలవండి. ఆయన గురించి మీకు తెలియని సంగతులు వాళ్ల దగ్గర ఉంటాయి. ఓపిక ఉన్న ఆదివారం అమ్మగారితో ఆటోలో కొత్తపట్నం బీచికి పోయి రండి. నడవక్కర్లేదు, ఇసక మొదలయ్యే చోట కుర్చీ వేసి కూర్చోబెడితే చాలు. వేయించిన వేరుశనక్కాయలు పొట్లం కొనిపెట్టండి.

వార్డు నంబరు 7:

పైవాళ్లు చెప్పినవి చేయండి, వాటితో పాటు ఒకటి గమనించుకోండి. దిగులు, దేని మీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలకు మించి రోజూ ఉంటే, నిద్రా ఆకలీ దెబ్బతింటే డాక్టర్ని కలవాలి. పులుసులూ పూలూ చికిత్సకి తోడు, బదులు కాదు. బయటికి వెళ్లలేకపోతే మానసిక సమస్యలకి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరులో మొదలైంది. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. బతకాలని లేదు అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆగకుండా ఆ నంబరుకి ఫోన్ చేయండి. అమ్మగారిని కూడా అడగండి, పెద్దవాళ్లు నోరు తెరిచి చెప్పరు.

కర్నూలు రోడ్డు:

చదువుతూ ఏడ్చేశాను. అమ్మకీ చదివి వినిపించాను. పూల సంగతి దగ్గర ఏమీ అనలేదు, "మరువం ఎక్కడ దొరుకుతుందో" అని మాత్రం అడిగింది. అన్నా, నాన్న స్నేహితులు ఇద్దరికి ఫోన్ చేశాను, గురువారం వస్తామన్నారు. 14416 రాసిపెట్టుకున్నాను.

పెన్నా గట్టు అమ్మా, మేం నీసు తినం. మర్నాటికి రుచి పెరిగేది మాకేదైనా చెప్పండి.

పెన్నా గట్టు:

మీ వైపు ఉలవలకి కొదవేముంది! పావుకిలో తీసుకుని రాళ్లు ఏరి ఈ రాత్రికే నానబెట్టు. రేపు సాయంత్రం నాలుగింటికి నీళ్లు ఎక్కువ పోసి సన్న సెగ మీద పెట్టు. కుక్కర్ వద్దు, మామూలు గిన్నెలోనే ఉడకనీ, టైము పట్టాలనే కదా మన ఉద్దేశం. గింజలు మెత్తబడ్డాక వడకట్టి, ఆ కట్టులో చింతపండు పులుసు పోసి చిక్కబడేదాకా మరగనిచ్చి తాలింపు పెట్టు. ఎల్లుండి మధ్యాహ్నం తినండి, పైన మీగడ వేసుకుని. ఉడికిన గింజలు పారెయ్యకు, ఉల్లిపాయ, ఎండుమిర్చి వేసి వేయిస్తే గురువారం వచ్చే పెద్దలకి టీతో పాటు పెట్టొచ్చు.

కర్నూలు రోడ్డు:

డబ్బాలో ఉలవలు ఉన్నాయి, అమ్మ ఏరుతోంది. తాలింపులో ఇంగువ వెయ్యాలా, వెల్లుల్లా అని అడుగుతోంది.

పెన్నా గట్టు:

రెండూ వెయ్యమను.