పేర్లు గుర్తు రావడం లేదు, పాలు పొంగిపోతున్నాయి: అరవై దాటాక మతిమరుపు (చర్చ)

వసుంధర_తెనాలి:
నాకు 64. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మొన్న మార్కెట్లో ఒకబ్బాయి కాళ్లకు దణ్ణం పెట్టి "గుర్తుపట్టారా టీచర్" అన్నాడు. ముఖం తెలుసు. మూడో బెంచీలో కిటికీ పక్కన కూర్చునేవాడు. వాళ్ల నాన్న సైకిలు షాపు కూడా గుర్తొచ్చింది. పేరు మాత్రం రాలేదు. రాత్రి పదకొండింటి దాకా ఆ పేరు కోసమే వెతుక్కున్నాను. ఇదొక్కటే అయితే పట్టించుకునేదాన్ని కాదు. ఈ నెలలో పాలు మూడుసార్లు పొంగాయి, ఒకసారి మంట ఆరిపోయి గ్యాసు వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు. బీపీ మాత్ర వేసుకున్నానో లేదో తేలక ఒకరోజు రెండోది కూడా వేసేసుకున్నాను. ఇది వయసు వల్లేనా? వెళ్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలి? పేపర్లో గళ్ల నుడికట్టు రోజూ పూరిస్తే ఉపయోగముంటుందా? మా ఆయనకి చెప్తే టెన్షన్ పడతారని ఇక్కడ అడుగుతున్నాను.

మాజీ_పోస్ట్‌మాస్టర్:
వసుంధరగారూ, కంగారు పడకండి. నాకు 73. పిన్ కోడ్ విధానం 1972 ఆగస్టు 15న వచ్చింది, నేను 74లో చేరాను. మీ తెనాలి 522201, రాజమండ్రి 533101, కాకినాడ 533001. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఇవాళ పొద్దున టిఫిన్ ఏం తిన్నానో అడిగితే ఒక్క క్షణం ఆగాలి. పాతవి రాతి మీద చెక్కినట్టు ఉంటాయి, కొత్తవే జారిపోతాయి. నేను చేసేదల్లా ప్రతి వస్తువుకూ ఒక గూడు. తాళాలు, కళ్లజోడు, పెన్షన్ పుస్తకం ఒకే గూట్లో. సార్టింగ్ పెట్టెలో ఉత్తరం తప్పు గడిలో పడితే వారం తిరిగేది, ఇదీ అంతే. మా అమ్మగారైతే ఏదైనా గుర్తుంచుకోవాలంటే కొంగుకు ముడి వేసుకునేవారు. రాత్రి పడుకోబోయే ముందు ఆ ముడి చేతికి తగిలి "అయ్యో, పాలవాడి డబ్బులు" అనేవారు. నేను తువ్వాలుకు వేసుకుంటాను.

పద్మజ_హన్మకొండ:
వసుంధరక్కా, ముడులు తర్వాత, ముందు రక్తపరీక్ష చేయించు. బీ12, థైరాయిడ్. మా ఆయన సంగతి చెప్తా విను. షుగరుకు మెట్‌ఫార్మిన్ 11 ఏళ్ల నుంచి వాడుతున్నారు, మేం శాకాహారులం. రెండేళ్ల కింద ఒకటే మాట నాలుగుసార్లు అడగడం మొదలుపెట్టారు. పాలు తెమ్మంటే కొత్తిమీర తెచ్చేవారు. రాత్రి అరికాళ్లు మంటలు, తిమ్మిర్లు. అందరూ వయసు అన్నారు, మా బంధువొకామె అయితే "ఇంకేముంది, అల్జీమర్సే" అని తేల్చేసింది. నేను వారం రోజులు ఏడ్చాను. చివరికి ఒక డాక్టరమ్మ బీ12 రాశారు. 118 వచ్చింది. 200 దాటి ఉండాలట. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే అది ఒంటికి సరిగా పట్టదని అప్పుడే తెలిసింది. ఇంజెక్షన్లు ఇప్పించాం. మూడు నెలలు తిరిగేసరికి మా ఆయన మళ్లీ చిట్టీల లెక్క నోటితో చెప్తున్నారు! కాళ్ల మంటలు మాత్రం పూర్తిగా పోలేదు, ఆలస్యం చేశాం.

వనమూలిక_35ఏళ్లు:
ఇంజెక్షన్లు ఎందుకమ్మా. ఈ రంగంలో నాకు 35 ఏళ్ల అనుభవం ఉంది. సరస్వతి ఆకు, అదే బ్రాహ్మి, పరగడుపున ఐదాకులు నమలండి. నలభై రోజుల్లో చిన్నప్పటి ఎక్కాలన్నీ వచ్చేస్తాయి.

కర్నూలు_బోటనీ:
35 ఏళ్ల అనుభవమున్న మీకు ఆ రెండూ వేరే మొక్కలని తెలియదా? మన తెలుగువాళ్లు సరస్వతి ఆకు అనేది సెంటెల్లా ఏషియాటికా. ఆకు గుండ్రంగా, మూత్రపిండం ఆకారంలో ఉండి నేల మీద పాకుతుంది. మలయాళీలు బ్రాహ్మి అనేది బకోపా మొన్నీరి. చిన్న దళసరి ఆకులు, తెల్లటి పూలు, నీటి పక్కన పెరుగుతుంది. ఉత్తరాదిలో మొదటిదాన్నే బ్రాహ్మి అంటారు, గందరగోళమంతా అక్కడే. పచ్చడి చేసుకుని తింటే తినండి, నేనూ తింటాను. బీ12 తక్కువున్న మనిషికి ఆకు ఇచ్చి 40 రోజులు కూర్చోబెడితే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

వనమూలిక_35ఏళ్లు:
పుస్తకాల చదువు వేరు, చేతివైద్యం వేరు. నా దగ్గరికి వచ్చినవాళ్లను అడగండి.

పద్మజ_హన్మకొండ:
మా ఆయన కాళ్లు ఇప్పటికీ మండుతున్నాయి సార్. నలభై రోజుల మాట ఇంకెవరికీ చెప్పకండి, దండం పెడతా.

బెజవాడ_కిరణ్:
మా నాన్నగారికి 76. మాది పటమట. నలభై ఏళ్లుగా స్కూటర్ మీద బెంజి సర్కిల్ మీదుగా తిరిగిన మనిషి. మొన్న ఫిబ్రవరిలో మందులకని వెళ్లి రాలేదు. మూడు గంటల తర్వాత రామవరప్పాడు రింగ్ దగ్గర ఒక టీ కొట్టాయన ఫోన్ చేశాడు. పెట్రోలు అయిపోయింది, నాన్న స్కూటర్ స్టాండు వేసి పక్కనే నిలబడి ఉన్నారు. నన్ను చూసి "ఇక్కడ రోడ్డు మార్చేశారురా" అన్నారు. రోడ్డు మారలేదు. ఆయన చొక్కా తడిసిపోయి ఉంది, చేతిలో మందుల చీటీ నలిగి ఉండలా అయిపోయింది. ఆ రాత్రే తాళం దాచేశాను. స్కూటర్ మెకానిక్ దగ్గరుందని చెప్పాను, నిజంగానే స్నేహితుడి ఇంట్లో పెట్టించాను. రెండు నెలలైంది. రోజూ "మెకానిక్ ఏమన్నాడు" అని అడుగుతారు. ఎవరైనా ఇంకో దారి చెప్పగలరా?

మాజీ_పోస్ట్‌మాస్టర్:
బాబూ, నువ్వు చేసింది నాకు నచ్చలేదు. తండ్రికి రెండు నెలలుగా రోజూ అబద్ధం చెప్తున్నావా? నేనూ స్కూటర్ నడుపుతాను, లైసెన్సు ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటాను. రేపు ఒక్కసారి దారి తప్పితే మా అబ్బాయి కూడా ఇలాగే తాళం మాయం చేస్తాడా? ఎదురుగా కూర్చుని "నాన్నా, మీరు నడపడం భయంగా ఉంది" అని చెప్పే ధైర్యం లేదా?

బెజవాడ_కిరణ్:
మీరు మీ గురించి ఆలోచిస్తున్నారు బాబాయిగారూ. నేను రోడ్డు మీద ఆయనకు ఎదురొచ్చే పిల్లల గురించి ఆలోచిస్తున్నాను. మొదటిరోజు చెప్పాను. అరిచారు, అన్నం మానేశారు. రెండోరోజు నేను చెప్పిన సంగతే మర్చిపోయి తాళం అడిగారు. మళ్లీ చెప్పాలి, మళ్లీ అరుపులు. అలా ఎన్నిసార్లు? ఆయనకు బీపీ 180 చూపించింది.

మాజీ_పోస్ట్‌మాస్టర్:
మతిమరుపున్నంత మాత్రాన మనిషికి అవమానం తెలియదనుకోకండి. నా మాట మధ్యలో ఆగితే మా ఇంట్లోవాళ్లు ఒకరినొకరు చూసుకుంటారు. ఆ చూపు నాకు తెలుస్తుంది. నాకు తెలియకుండా నా వస్తువు మాయమైతే నేను మతిమరుపు అనుకోను, మోసం అనుకుంటాను.

సత్యవతి_భీమవరం:
పోస్ట్‌మాస్టరుగారూ, మీరు ఒక్కరోజు మా ఇంట్లో ఉండి ఈ మాట అనండి. మా అమ్మకి 81. నాన్న పోయి ఆరేళ్లయింది. సాయంత్రం ఐదైతే చాలు, అమ్మకి గుమ్మం దగ్గర అలజడి. చెంబుతో నీళ్లు పెట్టి "మీ నాన్నొచ్చే వేళైంది" అంటుంది. మొదట్లో నిజమే చెప్పాను. "నాన్న చనిపోయారమ్మా" అనగానే ఆ క్షణమే వార్త విన్నట్టు గుండెలు బాదుకునేది. మర్నాడు ఐదింటికి మళ్లీ చెంబు. పదకొండు రోజుల్లో నేను మా అమ్మని పదకొండుసార్లు విధవను చేశాను. ఆ పదకొండు నిజాలు ఎవరికి మేలు చేశాయో చెప్పండి. ఇప్పుడు "ఇంకా రాలేదు, ఈలోపు నాన్న చేపల చెరువు సంగతి చెప్పు" అంటాను. అరగంట చెప్తుంది, నవ్వుతుంది, అన్నం తింటుంది. ఇది అబద్ధమైతే ఆ పాపం నాదే.

న్యూజెర్సీ_స్వాతి:
సత్యవతిగారూ, చదువుతుంటే కళ్లు ఆగలేదు. మా నాన్న వీడియో కాల్‌లో "అక్కడ టైమెంత" అని పది నిమిషాల్లో ఏడుసార్లు అడుగుతారు. పోయిన వారం ఆఫీసు ఒత్తిడిలో "ఇప్పుడే చెప్పాగా!" అని అరిచాను. ఆయన ఏమీ అనలేదు. నెమ్మదిగా "పడుకో అమ్మా, అలసిపోయావు" అన్నారు. అప్పట్నుంచి నిద్ర లేదు. ఇండియా టైము, ఇక్కడి టైము చూపించే రెండు గోడగడియారాలు కొని పంపించాను, ఆయన కుర్చీకి ఎదురుగా పెట్టించాను. ప్రశ్నలు కొంచెం తగ్గాయి. అన్నట్టు, ఇక్కడ మాలాగా రెండు భాషలు మాట్లాడితే మెదడుకి మంచిదంటారు, నిజమేనా?

సిస్టర్_సికింద్రాబాద్:
స్వాతీ, దాని మీద పెద్ద పరిశోధన జరిగింది మన హైదరాబాదులోనే. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా, అంటే మతి క్షీణించే జబ్బు, ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది, చదువు రానివాళ్లలో కూడా. ఇంట్లో తెలుగు, బజార్లో ఉర్దూ మాట్లాడే పాతబస్తీ మనిషికి ఆ మేలు ఎప్పుడో అందుతోందన్నమాట. అలాగని జబ్బు రాదని కాదు.

నేను 29 ఏళ్లు నర్సుగా చేశాను, అందులో తొమ్మిదేళ్లు న్యూరాలజీ వార్డులో. వసుంధరగారు అడిగినవి అందరూ వదిలేశారు కాబట్టి చెప్తాను. పేరు వెంటనే రాకపోయినా కిటికీ, బెంచీ, సైకిలు షాపు వచ్చాయి కదా, అది నన్ను భయపెట్టలేదు. స్టవ్, రెండోసారి మాత్ర, ఈ రెండూ ఒకే నెలలో జరగడం మాత్రం చూపించుకోవలసిన సంగతే. ముందు మీ జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. బీ12, థైరాయిడ్, షుగర్, సోడియం చూస్తారు. అవసరమైతే న్యూరాలజిస్టు దగ్గరికి పంపుతారు. అక్కడ ముప్ఫై మార్కుల పరీక్ష పెడతారు: తేదీ అడుగుతారు, మూడు మాటలు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమంటారు, వందలోంచి ఏడు తీసుకుంటూ పొమ్మంటారు. మీరు లెక్కల టీచరు, ఆ తీసివేతలు ఇట్టే చేసేస్తారు. అందుకే స్టవ్ సంగతి, మాత్ర సంగతి మీరే నోరు తెరిచి చెప్పాలి, మార్కులు చూసి ఊరుకోనివ్వకండి.

నిద్రమాత్రలు వేసుకుంటున్నారా? ఆల్ప్రజోలం లాంటివి, జలుబుకీ దురదకీ వేసుకునే మత్తు మాత్రలు పెద్దవాళ్ల జ్ఞాపకాన్ని మసకబారుస్తాయి. కానీ నిద్రమాత్ర ఒక్కసారిగా ఆపకూడదు, డాక్టరుకి చెప్పే ఆపాలి.

ఇంకొకటి, అందరికీ. నెలలు, ఏళ్ల మీద వచ్చే మతిమరుపు వేరు. నిన్న బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడితే అది మూత్రంలో ఇన్ఫెక్షనో, సోడియం పడిపోవడమో, పక్షవాతమో కావచ్చు. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వయసు అనుకుని మూడు రోజులు ఇంట్లో ఉంచి తెచ్చినవాళ్లను చాలామందిని చూశాను.

గళ్లప్రియ_ఒంగోలు:
నుడికట్టు గురించి ఎవరూ చెప్పరేం? నేను ముప్ఫై ఏళ్లుగా పూరిస్తున్నాను. నాకు 70, మెదడు చురుగ్గా ఉంది. అవధానులను చూడండి. ఎనిమిది మంది పృచ్ఛకులు, ఒకరు నిషిద్ధాక్షరి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, మధ్యలో అప్రస్తుత ప్రసంగం, గంట ఎన్నిసార్లు కొట్టారో ఆ లెక్క. చివర్లో పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్తారు. అదంతా సాధన వల్లే కదా.

కర్నూలు_బోటనీ:
ముప్ఫై ఏళ్లు నుడికట్టు చేస్తే నుడికట్టులో నైపుణ్యం వస్తుంది. స్టవ్ కట్టేయడం దాంతో గుర్తుండదు. దానికి టైమర్ కావాలి.

గళ్లప్రియ_ఒంగోలు:
మీకు అన్నీ తెలుసు. మొక్కలూ తెలుసు, మెదడూ తెలుసు.

సిస్టర్_సికింద్రాబాద్:
ఇద్దరూ ఆగండి. చెవి సంగతి ఎవరూ మాట్లాడలేదు. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ మనం మార్చుకోగల కారణాలు 14 చెప్పింది. డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతానికి వాటితో సంబంధముందని అంచనా. వినికిడి తగ్గడం, బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం అన్నీ ఉన్నాయి అందులో. వినపడక "మర్చిపోయా" అనే పెద్దవాళ్లు ఎంతమందో! చెవిలోకి చేరని మాట గుర్తెలా ఉంటుంది? కళ్లజోడు పెట్టుకోవడానికి లేని సిగ్గు చెవి మిషనుకు ఎందుకు?

కిరణ్, తాళం దాచడం కాదు నన్ను బాధపెట్టింది. ఫిబ్రవరి నుంచి నాన్నగారిని డాక్టరుకి చూపించారా, అది చెప్పండి.

బెజవాడ_కిరణ్:
చూపించలేదండీ. రానంటున్నారు. తాళం గొడవలో అది వెనకబడింది.

మాజీ_పోస్ట్‌మాస్టర్:
కిరణ్, నిన్న కోపంలో ఎక్కువ మాట్లాడాను. సత్యవతమ్మ రాసింది చదివాక రాత్రి చాలాసేపు కూర్చున్నాను. ఆమె చేసేది తప్పని నేను అనలేను. నీ విషయంలో మాత్రం నా మాట నాదే, మీ నాన్నకి ఇంకా అడిగే తెలివి ఉంది, కాబట్టి ఆయన్ని అడిగి చేయి. "జ్ఞాపకానికి డాక్టరు" అనకు, "బీపీ చూపిద్దాం" అని తీసుకెళ్లు, డాక్టరుతో ముందే ఫోన్లో చెప్పి ఉంచు. స్కూటర్ వద్దన్న మాట డాక్టరు నోటి నుంచి రానీ, మందుల చీటీ మీద రాయించు. మా కాలం మనుషులం, చీటీ మీద రాసి సంతకం పెడితే వింటాం. అడిగినప్పుడల్లా ఆ చీటీ చూపించు, నువ్వు వాదించక్కర్లేదు. ఇంకోటి, చొక్కా జేబులో ఒక కార్డు పెట్టు. పైన నీ ఫోన్ నంబరు పెద్ద అంకెలతో, కింద ఆయన పేరు, వాడే మందులు. ఇంటి అడ్రసు రాయకు, ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. ప్లాస్టిక్ వేయించు, చెమటకి సిరా కారిపోతుంది.

బెజవాడ_కిరణ్:
థాంక్సండీ బాబాయిగారూ. చీటీ ఆలోచన నాకు తట్టలేదు. శుక్రవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నా బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను.

లలిత_నిజామాబాద్:
మా అత్తమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తోంది, వద్దంటే వంటింట్లోకి రానివ్వడం లేదని అందరికీ చెప్తోంది. ఏం చేయాలి?

సత్యవతి_భీమవరం:
లలితా, ఉప్పు డబ్బా నువ్వు పట్టుకుని ఒక్కో కూరకు కావలసినంత చిన్న గిన్నెలో పోసి ఆవిడ చేతికి ఇవ్వు. వేసేది ఆవిడే. మా అమ్మ ఇప్పటికీ పోపు తనే పెడుతుంది, నేను మంట దగ్గర నిలబడతాను. ఏదైనా సలహా కావాలంటే పెద్దలకోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది, ఒకట్రెండుసార్లు నాకు పనికొచ్చింది.

వసుంధర_తెనాలి:
అందరికీ నమస్కారం. ఇవాళ పొద్దున రక్తం ఇచ్చి వచ్చాను. మా ఆయనకి చెప్పేశాను, ఆయనే తోడొచ్చారు. మందుల షాపులో వారానికి ఏడు గళ్లున్న డబ్బా కొన్నాం. సోమవారం గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, ఇక వెతుక్కోనక్కర్లేదు. రిపోర్టు రేపు సాయంత్రం వస్తుందన్నారు. ఇప్పుడు పాలు స్టవ్ మీద ఉన్నాయి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. పొంగు వస్తోంది, ఉంటాను.