"పరోక్ష ఎన్నిక" అంటే మన పరోక్షంలో జరిగేదా?

మన రాష్ట్రపతిని మనం కాక, మనం ఎన్నుకున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు ఓటేసి ఎన్నుకుంటారు, దాన్నే పరోక్ష ఎన్నిక అంటారు. రాష్ట్రపతిని ప్రజలే నేరుగా ఎన్నుకోవాలా అనే వాదన వచ్చినప్పుడల్లా నాకు ఈ మాట దగ్గర తిక్క రేగుతుంది. ఇంట్లో "నా పరోక్షంలో ఏమన్నారు?" అంటే నేను లేనప్పుడు, నా వెనకాల అని కదా. అక్షి అంటే కన్ను. కంటికెదురుగా ఉన్నది ప్రత్యక్షం, కంటికి ఆనకుండా జరిగేది పరోక్షం. మరి మన రాష్ట్రపతిని మన వెనకాల ఎన్నుకుంటున్నారనా? పేరు పెట్టినవాళ్లు అలా అనుకుని ఉండరులెండి, కానీ వినడానికి అలాగే ఉంది.

జవాబు: అంత లోతుకు పోనక్కర్లేదండీ. బళ్లో ప్రత్యక్ష కథనం, పరోక్ష కథనం చదివాం కదా. "నేను వస్తాను" అని సీత అంటే, పరోక్షంలో "తాను వస్తానని సీత అంది" అవుతుంది. "నేను" పోయి "తాను" వచ్చింది, మాట మాత్రం సీతదే. ఇదీ అంతే, ఓటు ఎమ్మెల్యే వేసినా మాట మనదే. పైగా ఒక్కో ఎమ్మెల్యే ఓటుకు కట్టే విలువలో జనం ఉన్నారు: రాష్ట్ర జనాభాను ఎన్నికైన ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, దాన్ని మళ్లీ వెయ్యితో భాగిస్తారు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటుకు 159, తెలంగాణలో 132, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7.

మొదట అడిగినాయన: సీత సంగతి బాగుంది, చిక్కంతా అక్కడే ఉంది. పరోక్ష కథనంలో చెప్పేవాడు భావం మార్చకూడదు. ఎమ్మెల్యే నన్ను అడిగి వేస్తాడా? రహస్య ఓటు, ఫలానావాళ్లకే వెయ్యాలనే పార్టీ ఆదేశం (విప్) కూడా పనిచెయ్యదు. 1969 చూడండి, కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి, ఇందిరాగాంధీ మాత్రం అంతరాత్మ ప్రబోధం మేరకు ఓటెయ్యమన్నారు, ఓటు వేసినవాళ్లు తమ రెండో ఎంపికగా రాసిన రెండో ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కపెట్టాక వి.వి. గిరి గెలిచారు. అంతరాత్మ ఎవరిది, మనదా వాళ్లదా? ఇక మీరు చెప్పిన జనాభా 1971 నాటిది. నేను ఆ తర్వాత పుట్టాను, ఆ లెక్కలో కూడా లేను!

ఇంకొకరు: సరే, నేరుగా పెట్టారనుకోండి. రాజ్యాంగం రాసేటప్పుడు రాజ్యాంగ సభలో సభ్యుడు కె.టి. షా నేరుగా ఎన్నిక పెట్టాలని సవరణ తెస్తే వీగిపోయింది. నెహ్రూ అభ్యంతరం తేలిగ్గా తీసేసేది కాదు: వయోజనులందరి చేతా ఓటు వేయించి, ఆపైన అసలు అధికారం ఇవ్వకపోతే పొసగదని. నిజమే కదా, దేశమంతా తిరిగి కోట్ల ఓట్లు తెచ్చుకున్న మనిషి మంత్రిమండలి పంపిన ఫైలు మీద సంతకం పెట్టి ఊరుకుంటాడా? ప్రధానికీ ఆయనకీ రోజూ పేచీయే. ఐర్లండ్, ఆస్ట్రియాల్లో నేరుగానే ఎన్నుకుంటారు, అక్కడ ప్రభుత్వాన్ని నడిపేది వేరేవాళ్లే, కాబట్టి పేచీ వచ్చి తీరుతుందనీ అనలేం. కానీ అవి చిన్న దేశాలు, మన దగ్గర మరో లోక్‌సభ ఎన్నికంత హడావిడి అవుతుంది.

మొదట అడిగినాయన: పదవి ఇలాగే ఉన్నన్నాళ్లూ ఎన్నిక కూడా ఇలాగే ఉండనివ్వండి, నాకు పట్టుదల లేదు. 2026 తర్వాతి మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా 1971నే పట్టుకు వేలాడటం మాత్రం నచ్చలేదు. పేరు "ప్రతినిధుల ఎన్నిక" అని మారిస్తే బాగుంటుంది.

జవాబు: అలా అంటే ప్రతినిధులనే ఎన్నుకుంటున్నట్టు అవుతుందండీ. "ప్రతినిధుల ద్వారా ఎన్నిక" అనాలి. అంత పొడుగు మాట ఏ పత్రికా శీర్షికలో పెట్టదు.