డాన్స్ ఫొటోలకు పాత ఎం50 మేలా, కొత్త ఆర్50 మేలా?

మా పాప కూచిపూడి ప్రోగ్రాంల ఫొటోల కోసం కెమెరా కొనాలి. 2018 నాటి కానన్ ఎం50 సెకండ్‌హ్యాండ్‌లో 22 ఎంఎం ఎఫ్2 లెన్స్‌తో, లేదా 2023లో వచ్చిన ఆర్50 కొత్తది 18-45 కిట్ లెన్స్‌తో, రెండూ నాకు దాదాపు ఒకే ధరకు దొరుకుతున్నాయి.

ఫ్రెండ్స్ దగ్గర రెండూ అడిగి తెచ్చి ఒకే హాల్లో, నాలుగో వరుసలో కూర్చుని, 1/250 సెకను షట్టర్‌తో తీశాను. ఆర్50 ఫోకస్ పాప కన్ను పట్టుకుంటే వదల్లేదు, కానీ కిట్ లెన్స్ 45 ఎంఎం దగ్గర ఎఫ్6.3 కదా, వెలుతురు తక్కువ వచ్చి ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 6400 దాకా వెళ్లి గ్రెయిన్ (నాయిస్, అంటే చుక్కచుక్కలు) వచ్చింది. ఎం50కి ఎఫ్2 లెన్స్ వల్ల ఐఎస్ఓ 640 సరిపోయింది, కాకపోతే ఫొటోలో పాప చిన్నగా కనిపించింది, క్రాప్ చేయక తప్పలేదు. నాయిస్ తగ్గించే యాప్‌తో సరిచేద్దామంటే ముఖం మైనపు బొమ్మలా అయింది! వీడియో అక్కర్లేదు. ఎం50 లెన్సులు ఆర్50కి పట్టవు, అదే టెన్షన్.

స్టేజీ ఫొటోలు తీసేవాళ్లు చెప్పండి, ఆర్50 తీసుకుని తర్వాత ఆర్ఎఫ్ 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ కొంటే ఈ ఇబ్బంది నిజంగా తీరుతుందా?