సాఫ్ట్ టాప్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది గుడ్డా, కిటికీలూ జిప్పులా?

మట్టిబాట:
జీప్ రాంగ్లర్ కానీ మహీంద్రా థార్ కానీ, పైన గుడ్డ టాప్ ఉన్న ఏ బండికైనా కొత్త టాప్ ఏది వేయించాలని అడిగి చూడండి, అందరూ ఒకటే మాట చెబుతారు. డబ్బు కాస్త ఎక్కువైనా ట్విల్ (నేత గుడ్డ) తీసుకో, వినైల్ జోలికి పోకు అని. ఈ మాటతో నాకు పేచీ ఉంది. తరచూ బురదలోకి దిగే బండికి వినైలే నయం అంటాను నేను. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. గుడ్డ గురించి ఇంత మాట్లాడేవాళ్లు కిటికీల గురించి, జిప్పుల గురించి ఒక్క ముక్క ఎత్తరు. ఎవరైనా పాత టాప్ తీసి పారేస్తుంటే దగ్గరికెళ్లి చూడండి, గుడ్డ చిరిగి పారేసేది తక్కువ. వెనక కిటికీ పచ్చబడి, గీతలు పడి అవతల ఏముందో కనబడక పారేస్తారు, జిప్ పళ్లు ఊడిపోయి పారేస్తారు, కుట్లు విడిపోయి పారేస్తారు. ముందు పోయేదాన్ని వదిలేసి చివర్న పోయేదాని మీద డబ్బు కుమ్మరించడం ఏం లెక్క?

వినైల్ అంటే నేత గుడ్డ మీద పీవీసీ పూత, రెక్సిన్ జాతిదే. పూత బాగున్నంత కాలం నీళ్లు లోపలికి పోయే దారి లేదు. మట్టి పడితే నీళ్లు కొట్టి తడిగుడ్డతో తుడిచేస్తే సరి. ఒప్పుకోనివాళ్లు చెప్పండి, కానీ ఎందుకో కూడా చెప్పండి.

చినుకు:
నేను ఒప్పుకోను. వినైల్ హాయి అంతా అది కొత్తగా ఉన్నన్నాళ్లే. పీవీసీని మెత్తగా ఉంచేది అందులో కలిపే ప్లాస్టిసైజర్. ఎండకూ వేడికీ అది మెల్లమెల్లగా బయటికి పోతుంది, పోయేకొద్దీ వినైల్ గట్టిపడి కుంచించుకుపోతుంది. అలా బిగుసుకుపోయిన టాప్‌ని ముందు విండ్‌షీల్డ్ ఫ్రేమ్ దాకా లాగి లాచ్ వేయాలంటే ఇద్దరు మనుషులు వేలాడాలి. ఆ లాగుడంతా ఎక్కడ పడుతుందనుకున్నారు? మీరు చెప్పిన కుట్ల మీద, జిప్పుల మీదే కదా. అంటే జిప్ పోయింది అని మీరు లెక్క వేసే టాపుల్లో చాలావాటికి అసలు దోషి గుడ్డే.

ట్విల్‌లో మూడు పొరలుంటాయి. పైన యాక్రిలిక్ నేత, మధ్యలో రబ్బరు, లోపలి వైపు ఇంకో గుడ్డ. వానని ఆపేది ఆ మధ్య రబ్బరు. మంచి రకంలో యాక్రిలిక్‌కి రంగు పైన అద్దరు, పోగు తయారయ్యేటప్పుడే కలిపేస్తారు, అందుకే ఎండలో నిలబెట్టినా నలుపు నలుపుగానే ఉంటుంది. మందం ఉంటుంది కాబట్టి స్పీడ్‌లో గాలికి దడదడ కొట్టుకోవడం కూడా తక్కువ. పక్కన కూర్చున్నవాళ్లతో మామూలు గొంతుతో మాట్లాడొచ్చు, దూరప్రయాణం చేసేవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

మట్టిబాట:
చినుకు గారూ, కుంచించుకుపోవడం నిజమే, కాదనను. కానీ ట్విల్ మీద ఎర్రమట్టి పడ్డాక ఏం చేస్తారో కూడా రాయండి మరి. తడిగా ఉన్నప్పుడు రుద్దారో, మట్టి నేత సందుల్లోకి దిగి కూర్చుంటుంది. అందుకని ముందు పూర్తిగా ఆరనివ్వాలి. తర్వాత మెత్తటి బ్రష్‌తో దులపాలి, వాక్యూమ్ పట్టాలి, అప్పుడే గోరువెచ్చటి నీళ్లూ తేలికపాటి సబ్బూ. ఆ సబ్బు కూడా చుక్క మిగలకుండా కడగాలి, మిగిలితే నేత మీద నీళ్లు జారకుండా ఇంకడం మొదలవుతుంది, దుమ్మూ అక్కడే అంటుకుంటుంది. కొన్నాళ్లకు వాన నీళ్లు బొట్లుబొట్లుగా జారడం మానేస్తే నీటిని తోసేసే స్ప్రే మళ్లీ కొట్టాలి. రోడ్డు మీద తిరిగే బండికి ఇది ఎప్పుడో ఒకసారి చేసే పని. ట్రయల్‌కి, అంటే రోడ్డు లేని మట్టీ రాళ్ల దారులకి, వెళ్లే బండికి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఉంటుంది. ఇంత ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఓపిక లేనివాళ్ల ట్విల్ మీద మట్టి చారలు అలాగే ఉండిపోతాయి.

ఇక కిటికీలు. ట్విల్ కొన్నా వినైల్ కొన్నా కిటికీ మాత్రం ఆ మెత్తటి పారదర్శక వినైలే. ట్రయల్ నుంచి వచ్చాక వెనక కిటికీ మీద సన్నటి దుమ్ము పొర ఉంటుంది, వెనక్కి చూడ్డానికని పొడిగుడ్డతో ఒక్కసారి గుండ్రంగా తుడుస్తాం. అంతే, ఆ గుండ్రమంతా వెంట్రుకవాసి గీతలైపోతుంది. పగలు పెద్దగా తెలియదు. రాత్రి వెనక వచ్చే బండి హెడ్‌లైట్ దాని మీద పడితే తెల్లటి మసక తప్ప ఇంకేం కనబడదు. ముందు నీళ్లు పోసి దుమ్ము కరిగించి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డ తాకించాలి. ఇంట్లో అద్దాలకి వాడే అమోనియా ఉన్న క్లీనర్ అస్సలు పనికిరాదు, మబ్బు పట్టేస్తుంది. తీసి దాచేటప్పుడు ఒక కిటికీ మీద ఇంకోటి నేరుగా పెట్టకుండా మధ్యలో మెత్తటి గుడ్డ వేయండి, మడత అసలే వద్దు. చలి 5 డిగ్రీల కిందికి పోయినప్పుడు చుట్టడం కూడా మంచిది కాదు, పగులుతుంది. గుడ్డ రకం ఎంచుకోవడానికి నెల రోజులు తలబద్దలు కొట్టుకునేవాళ్లు ఈ సంగతులు మాత్రం పట్టించుకోరు.

గాలిహోరు:
అసలు ఈ టెన్షన్ అంతా ఎందుకండీ, గట్టి పైకప్పు, అదే హార్డ్ టాప్ వేసుకుంటే పోదా? చప్పుడు తక్కువ, వెనక అద్దానికి వైపర్ ఉంటుంది, మంచు పట్టకుండా హీటర్ తీగలుంటాయి. సాఫ్ట్ టాప్‌ని ఎవడైనా బ్లేడుతో కోసి లోపలున్నది పట్టుకుపోవచ్చు.

మట్టిబాట:
నాలుగు డోర్ల రాంగ్లర్ హార్డ్ టాప్ 60 కిలోల పైమాటే. దాన్ని దింపాలంటే ఇద్దరు కావాలి, లేదా కప్పుకి వేలాడే లిఫ్ట్ కావాలి. దింపి ఇంట్లో పెట్టి వెళ్లారనుకోండి, దారిలో వాన పట్టుకుంటే ఏం చేస్తారు? సాఫ్ట్ టాప్ మడిచి ఉన్నా మనతోనే ఉంటుంది. దొంగల మాట నిజమే, దానికి దారి లోపల బోల్ట్ కొట్టి బిగించిన తాళం పెట్టె. కోస్తారన్న భయంతో డోర్లు లాక్ చేయకుండా వదిలేసేవాళ్లు కూడా ఉన్నారు, లోపల ఏమీ లేకపోతే అదీ పద్ధతే. ఇంకోటి, హార్డ్ టాప్ ఉంటే బండి బోల్తాపడినా ఏమీ కాదనుకునేవాళ్లు ఉంటారు. ఆ పని రోల్ కేజ్‌ది (లోపల బిగించిన ఇనుప కమ్మీల చట్రం), సీట్ బెల్ట్‌ది. పైకప్పు ఏ రకమైనా దాన్ని నమ్ముకోకండి.

పాతజీపు:
మీ ఇద్దరూ దారం సంగతి మర్చిపోయారు బాబూ. గుడ్డ ఎంత గొప్పదైనా దాన్ని పట్టి ఉంచేది కుట్టే. నైలాన్ దారం ఎండకు త్వరగా చివికిపోతుంది. ఎండను తట్టుకునే పాలిస్టర్ దారం నయం, పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ జాతి) దారం దొరికితే ఇంకా మేలు. కొనేముందు అమ్మేవాళ్లని ఇది అడగండి, చెప్పలేకపోతే అక్కడే కొంచెం ఆలోచించండి.

కుట్ల దగ్గర చెమ్మ గురించి కూడా చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధకాలపు విల్లీస్ జీపుల మీద ఉండేది నూలు కాన్వాస్. నూలు తడిస్తే పోగులు ఉబ్బి నేత సందులు మూసుకుంటాయి, వాన ఆగేది చాలావరకు అలాగే. ఆ గుడ్డ ఇప్పుడు పెద్దగా వాడరు కానీ, ఆ కిటుకు దారంలో మిగిలింది. పాలిస్టర్ పోగు మీద నూలు చుట్టిన దారం వాడిన టాపులున్నాయి, తడిస్తే ఆ నూలు ఉబ్బి సూది రంధ్రాల్ని మూస్తుంది. అలాంటి టాప్‌కి మొదటి వానలో కుట్టు వెంబడి చెమ్మ కనబడిందని కంగారుపడి వెనక్కి ఇచ్చేయకండి. కొన్ని వానలకు తడిసి ఆరాక కూడా కారుతుంటే అప్పుడు కుట్టు రంధ్రాలు మూసే సీమ్ సీలర్ రాయండి.

నూలు కాన్వాస్ దగ్గర నేర్చుకోవాల్సింది ఇంకోటుంది. తడి టాప్ మడవకూడదు. ఇప్పటి గుడ్డలు నూలంత త్వరగా కుళ్లవు నిజమే, కానీ మడతలో చెమ్మా మట్టీ కలిసి ఉంటే బూజు పడుతుంది, ఆ వాసన పోదు. వానలో మడవాల్సి వచ్చినా ఇంటికి రాగానే విప్పి ఆరేయండి.

కొత్తబండి:
చదువుతున్నాను, థ్యాంక్స్ అందరికీ. నాది 4 డోర్ల జేకే (పాత తరం) రాంగ్లర్, హార్డ్ టాప్‌తో కొన్నాను, ఇప్పుడు సాఫ్ట్ టాప్ వేయిద్దామని. ఫ్రేమ్ ఉన్నది తీసుకోవాలా, ఫ్రేమ్ లేకుండా వెనక్కి ఏటవాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్ తీసుకోవాలా? బండి రాత్రిళ్లు ఆరుబయటే ఉంటుంది. ట్రయల్స్‌కి అప్పుడప్పుడూ వెళ్తాను, ఎక్కువ రోడ్డే.

పాతజీపు:
టాప్ రకం తర్వాత సంగతి, ముందు ఒకటి చూసుకోండి. హార్డ్ టాప్‌తో వచ్చిన బండికి సాఫ్ట్ టాప్ పట్టుకునే భాగాలు ఉండవు. డోర్ల చుట్టూ వచ్చే ఫ్రేములు, బాడీ అంచున గుడ్డ ఇరికే పట్టాలు, వెనక డోర్ మీద కిటికీ కింది అంచు పట్టుకునే కడ్డీ ఇవన్నీ విడిగా కొనాలి. కొన్ని టాపులతో ఇవి కలిపి ఇస్తారు, కొన్నిటితో గుడ్డ ఒక్కటే వస్తుంది. పెట్టె మీద ఏం రాసుందో పూర్తిగా చదవండి.

ఇక ఫ్రేమ్. రోజూ ముందు సగమో మొత్తమో తెరిచి తిరగాలనుకుంటే ఫ్రేమ్ ఉన్నదే సుఖం, లాచ్‌లు విప్పి వెనక్కి తోస్తే కమ్మీలతో సహా మడుచుకుపోతుంది. ఫ్రేమ్ లేనిదానికి గలగల చప్పుడు చేసే కమ్మీలుండవు, విప్పేస్తే వెనక చోటు ఖాళీ. కానీ మొత్తం విప్పి మళ్లీ వేయడం తీరిక ఉన్నప్పుడు చేసే పని. ఫాస్ట్‌బ్యాక్ చూడ్డానికి బాగుంటుంది, గాలికి కొట్టుకోవడమూ తక్కువే, వెనక ఎత్తైన సామాను మాత్రం పట్టదు.

ఒక హెచ్చరిక. ఏ టాప్ అయినా వెనక కిటికీ ఒక్కటే తీసి, పక్క కిటికీలు మూసి నడపకండి. బండి వెనక ఏర్పడే గాలి సుడి ఎగ్జాస్ట్ పొగని లోపలికి లాగుతుంది. వెనకది తీస్తే పక్కవీ తీయండి.

చినుకు:
కొత్తబండి గారూ, ఆరుబయట ఎండలో నిలబడే బండి, ఎక్కువ రోడ్డు మీదే తిరిగే బండి. ఇలాంటిదానికి కళ్లు మూసుకుని ట్విల్ తీసుకోండి. బురదలోకి దిగేవాళ్ల కష్టాలు మీకు అంతగా ఉండవు, ఎండ కష్టం మాత్రం రోజూ ఉంటుంది. వేయించేది వేడిగా ఉన్న రోజు పెట్టుకోండి. 22 డిగ్రీల పైన ఉంటే గుడ్డ సాగుతుంది, కాసేపు ఎండలో పరిచి ఆ తర్వాత బిగిస్తే ఇంకా తేలిక. ఆటోమేటిక్ బ్రష్ వాష్‌లకి పంపకండి.

మట్టిబాట:
కొత్తబండి చెప్పిన వాడకానికి ట్విల్ సరే, అక్కడ వాదించను. కానీ నా మొదటి మాట అలాగే ఉంది. జేకేలో పక్క కిటికీలకీ వెనక కిటికీకీ జిప్పులే. 2018 మోడల్ నుంచి వచ్చిన తర్వాతి తరం జేఎల్‌లో కంపెనీయే ఆ జిప్పులు తీసేసి, అంచు గాడిలోకి జారే పద్ధతి పెట్టింది. మట్టిలో తిరిగే బండికి జిప్ ఎంత తలనొప్పో వాళ్లకీ తెలుసు కాబట్టే అనుకుంటాను. గాడిలో ఇసుక చేరితే అదీ మొరాయిస్తుంది, కాకపోతే నీళ్లు కొడితే వదులుతుంది. జిప్ పళ్లలో ఇసుక ఉండగా బలంగా లాగితే పన్ను ఊడుతుంది, ఒక్క పన్ను ఊడిందంటే ఆ వైపు మొత్తం పోయినట్టే.

అందుకని మీ జేకేకి ఏ బ్రాండ్ తీసుకున్నా రెండు ప్రశ్నలు అడగండి. కిటికీలు విడిగా అమ్ముతారా? జిప్ పోతే కిటికీతో పాటు మారుతుందా, లేక టాప్ వైపు కుట్టిన సగం కూడా మార్చాలా? టాప్ వైపు సగం పోతే అది విప్పి మళ్లీ కుట్టగల మనిషిని వెతుక్కోవాలి. వాడేటప్పుడు జిప్ తెరిచే ముందు నీళ్లతో కడిగి, ఆరాక కాస్త సిలికాన్ లూబ్రికెంట్ రాయండి. గ్రీజు, ఇంజిన్ ఆయిల్ వద్దు, వాటికి మట్టి ఇంకా అంటుకుంటుంది.

కొత్తబండి:
ట్విల్, ఫ్రేమ్ ఉన్నది చూస్తున్నాను. వెనక కిటికీ విడిగా దొరుకుతుందట, పక్కవి రెండూ జతగా మాత్రమే ఇస్తారట. దారం ఏదో ఇంకా అడగలేదు, రేపు అడుగుతాను.