అప్‌డేట్: చెల్లి ఫారంలో ‘సింగిల్’ రాయాలా, ‘డివోర్స్‌డ్’ రాయాలా?

అమలాపురం నుంచి అడిగింది నేనేనండి. చెల్లికి విడాకులయ్యాయి, విదేశీ నర్సు ఉద్యోగం ఫారంలో మారిటల్ స్టేటస్ దగ్గర ఏం పెట్టాలని. సలహా ఇచ్చిన అందరికీ ధన్యవాదాలు.

‘డిక్రీలో, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వులో, సెక్షన్ చూడండి’ అన్నవారి మాటే పనికొచ్చింది. రాజమండ్రిలో వకీలు గారు కూడా మొదట అదే చూశారు. 1955 హిందూ వివాహ చట్టం 13బీ, అంటే ఇద్దరి సమ్మతితో విడాకులు. కాబట్టి ‘డివోర్స్‌డ్’. ‘సింగిల్’ అన్నది అసలు పెళ్లే కానివాళ్లకని ఆ ఫారం కిందే రాసుంది. ‘సెపరేటెడ్’ అంటే వేరుగా ఉంటున్నా పెళ్లి ఇంకా నిలిచే ఉందని. ‘అనల్‌డ్’ అంటే కోర్టు ఆ పెళ్లినే రద్దు చేసిందని. మన చట్టంలో అది 12వ సెక్షన్, దారే వేరు.

డిక్రీ ఇంగ్లీషులోనే ఉంది, అనువాదం అక్కర్లేకపోయింది. ఊళ్లో పెద్దమనుషులు రాయించిన కాగితం ఎవరూ అడగలేదు.

ఇంటర్వ్యూకి ‘టై ద నాట్’ (పెళ్లి చేసుకోవడం) లాంటి ఇంగ్లీషు జాతీయాలు నేర్పమన్నారు కొందరు. అవి వింటే అర్థమైతే చాలు, అక్కడ వాడే పని పడలేదు. ‘ఐ యామ్ డివోర్స్‌డ్’ అని చెల్లి తడబడకుండా చెప్పింది, వాళ్లు తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయారు. ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి: విడిపోయిన భర్తని ‘ఎక్స్-హస్బెండ్’ అనాలి. ‘లేట్ హస్బెండ్’ అంటే చనిపోయిన భర్త అని అర్థం.

ఫారం ఆమోదమైందండి.